జంగప్ప వచ్చే దినం

శంకరప్ప చేతిలో పడితే ఏ రోజూ ఊరికే పోయేది కాదు. ఏదో ఒక పండుగ అంటగట్టి పంపించేవాడు. 1964లో ఆయన పోయినప్పుడు కూడా తాండూరులో సగం మంది ఏడుస్తూనే, "ఇయ్యాల ఏం దినం రాసుకుంటుండెనో" అని నవ్వారు. ఆయన రాయకుండా దాచిన దినం ఒకటి ఉందని వాళ్లకు తెలుసు. అది ఎట్లా బయటపడిందో దగ్గరుండి చూసినవాణ్ణి నేను.

రైలు గేటు దాటగానే ఎడమ చేతి వైపు మా డేరా టాకీసు ఉండేది. నేను అందులో ఆపరేటర్‌ని. మాది వికారాబాద్. 1951లో ప్రొజెక్టర్‌తో పాటు నన్ను కూడా బండి మీద వేసుకొని తెచ్చాడు మా సేటు బిచ్చయ్య. అప్పటికే శంకరప్ప అక్కడ ఉన్నాడు. పొద్దున బోర్డు రాయడం, సాయంత్రం గేటు దగ్గర టికెట్లు చింపడం ఆయన పని. బోర్డంటే చెక్కది కాదు. తాండూరులో చెక్క కొనే పిచ్చివాడెవడు? మనిషెత్తు నాపరాయి బండ ఒకటి గేటు పక్కన నిలబెట్టి ఉండేది. దాని మీద సుద్దతో పైన సినిమా పేరు, కింద పెద్ద అక్షరాలతో ‘ఈ దినం విశేషం’ రాసేవాడు.

ఆ విశేషాలన్నీ టికెట్ల గదిలో వేలాడే క్యాలెండర్‌లో పుట్టేవి. రోజూ ఒక కాగితం చింపి, దాని వెనక ఆ రోజు డేరాలో ఏం జరిగిందో పెన్సిల్‌తో రాసి, దారానికి గుచ్చి దాచేవాడు. ఏడాది తిరిగి అదే తారీకు వచ్చేసరికి అది పండుగైపోయేది. 1953 జూన్‌లో గాలివానకు డేరా కూలింది. మరుసటి ఏడు నుంచి అది ‘డేరా కూలిన దినం’. ఆ రోజు గొడుగు తెచ్చినవాళ్లకు ముందు వరుస. ఒకసారి ఆట వదిలాక నలభై మంది చెప్పులు తారుమారై కొట్టుకునేదాకా వచ్చింది. అది ‘చెప్పులు మారిన దినం’. ఏమీ జరగని రోజులకు కూడా ఆయన దగ్గర మందు ఉండేది. కంది పూత దినం అనేవాడు, తుమ్ముల దినం అనేవాడు. అల్లుళ్ల దినం నాడు మామను వెంటబెట్టుకొని వచ్చిన అల్లుడికి కుర్చీ వేసేవాడు, మామను నేల మీద కూర్చోబెట్టేవాడు. ఇయ్యాల ఏ దినమో చూద్దామని జనం గేటు దాకా వచ్చి, ఎట్లాగూ వచ్చాం కదా అని లోపలికి కూడా వచ్చేవారు. బిచ్చయ్య సేటుకు ఇంకేం కావాలి?

నాకు మాత్రం ఈ వేషాలు గిట్టేవి కావు. "అన్నా, గీ దినాలన్నీ ఏ పంచాంగంల ఉన్నయే?" అని ఎత్తిపొడిచేవాణ్ణి.

"పంచాంగం రాసినోడు గూడ మనిషే గదరా బాల్‌రాజ్" అనేవాడు.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండేది. ఏటా అక్టోబరు పద్నాలుగున రాయి సగం ఖాళీగా ఉండేది. సినిమా పేరు రాసి సుద్ద కింద పెట్టేసేవాడు. అడిగితే "ఇయ్యాల ఏం విశేషం లేదు" అని అటు తిరిగేవాడు. తుమ్ముకు కూడా పండుగ చేసిన మనిషికి ఆ ఒక్క రోజు ఏమీ దొరకదా అనుకునేవాణ్ణి. అంతకంటే పట్టించుకోలేదు. నా కరెంటు ఇంజను, నా రీళ్లు, నా గొడవ నాది.

ఆ రాయి పక్కనే భాగమ్మ పల్లీలు వేయించి అమ్మేది. పొద్దున్నే తడి గుడ్డతో రాయిని తుడిచి పెట్టేది కూడా ఆమే. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనకు తానే పెట్టుకుంది. ఆమె మొగుడు జంగప్ప, మా శంకరప్ప ఒకే నాటకాల మేళంలో వేషాలు కట్టినవాళ్లు. శంకరప్ప రాజు, జంగప్ప హాస్యగాడు. అందరిలాగా తెర వెనక నుంచి రావడం జంగప్పకు నచ్చేది కాదట. జనం వెనక నుంచి "జర జరుగుండ్రి, నేనొచ్చిన" అంటూ తోసుకుంటూ వచ్చేవాడట. ఆ మాటకే నవ్వు మొదలయ్యేదట. 1948లో రజాకార్ల గడబిడకు మేళం చెదిరిపోయింది. జంగప్ప మళ్లీ కనిపించలేదు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదని శంకరప్ప చెప్పేవాడు. భాగమ్మ గాజులు తీయలేదు, బొట్టు తీయలేదు. అన్నేళ్లు ఆయన పక్కనే పొయ్యి పెట్టుకొని కూర్చున్నది కాని, జంగప్ప మాట ఆమె నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

1957 డిసెంబరులో మంచు ఎక్కువగా కురిసింది. ఒక పొద్దున నేను ఇంజనుకు నూనె పోస్తున్నాను. భాగమ్మ రాయి తుడిచి పక్కకు జరిగింది. తడికి రాయి నల్లబడింది. దాని నడుమ తెల్లటి గీత ఒకటి తేలింది, దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే అంకెలయ్యాయి. 9-1-58. తొమ్మిది తల అటు తిరిగి ఉంది, అద్దంలో చూసినట్టు. శంకరప్ప రాత నాకు తెలుసు, అది ఆయన రాత కాదు. ఎండ తగిలి రాయి ఆరగానే అంకెలు మాయమయ్యాయి. నేనే చెంబుతో నీళ్లు కొట్టి చూశాను. మళ్లీ వచ్చాయి.

అప్పుడే వచ్చిన శంకరప్ప చేతిలో నుంచి సుద్ద జారి పడింది.

బిచ్చయ్య సేటు మాత్రం ఉషారుగా చేతులు రుద్దుకున్నాడు. "జనవరి తొమ్మిది! అంటే వచ్చే నెలనే. ఏం విశేషంరా శంకరప్పా?"

భాగమ్మ కొంగు ముడి విప్పి, మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితం ఒకటి తీసింది. "గిసొంటి గీతలే గిండ్ల గూడ ఉన్నయ్. జంగప్ప పంపిన కాయితం. జర సదువు శంకరప్పా."

ఆయన మనసులో చదువుకున్నాడు. చిన్న కాగితం, నాలుగు వరుసలు కూడా ఉండవు. దాని మీద ఆయన చూపు చాలాసేపు నిలబడిపోయింది. చుట్టూ పదిమంది చేరారు.

"తొమ్మిదో తారీకు వస్తనని రాసిండు" అన్నాడు చివరికి.

"ఎప్పుడు రాసిన కాయితం అది?" అని అడిగాను.

"మేళం చెదిరిన యేడు."

పదేళ్ల కింద పోయిన మనిషి పదేళ్ల తర్వాతి తారీకు వేసి ఉత్తరం రాశాడు. ఆ తారీకే రాయిలో నుంచి పైకి వచ్చింది. నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాను. అయినా చెంబు కింద పెట్టి రాయికి నాలుగడుగులు దూరం జరిగాను. సేటు అందరికంటే ముందు తేరుకున్నాడు. సుద్ద ఏరి శంకరప్ప చేతిలో పెట్టి, "రాయి! జంగప్ప వచ్చే దినం! ఎన్నడన్న ఇసొంటిది పడ్డదా మనకు?" అన్నాడు.

శంకరప్ప రాశాడు. ఆ నెలంతా అదే రాశాడు, ఇంకా ఇన్ని రోజులని కింద మార్చుకుంటూ. వేరే పండుగలు మానేశాడు. అన్నం తగ్గించాడు. పొద్దున్నే భాగమ్మ తడి గుడ్డతో తుడవడం, అంకెలు తేలడం, ఆయన అటు చూడకుండా వాటి మీదనే రాయడం. మర్పల్లి నుంచి, ధారూర్ నుంచి జనం వచ్చి రాయి మీద నీళ్లు చల్లి చూసి పోయేవారు. కొందరు పసుపు కూడా పెట్టారు. మా ఊళ్లో రాయి దేవుడు కావడానికి ఎంతసేపు!

జనవరి తొమ్మిది గురువారం. పొద్దుగూకేసరికి డేరాలో కాలు పెట్టే చోటు లేదు. నేను దీపం ఆర్పి మొదటి రీలు ఎక్కించాను. నా గదికి ఉన్న కంత నుంచి చూస్తే తలలన్నీ కనిపిస్తాయి. కాసేపటికి వెనక బెంచీ మీదివాళ్లు ఎనిమిది మందీ ఒకేసారి డేరా అంచు వైపు జరిగారు. ఎవడో ఇరుక్కొని కూర్చోవడానికి వస్తే జరుగుతామే, అట్లా. ఎవరూ రాలేదు. వాళ్లు తెర మీది నుంచి చూపు కూడా తిప్పలేదు. తర్వాత దాని ముందు బెంచీ జరిగింది. ఆ తర్వాత దాని ముందుది. నేల మీద కూర్చున్నవాళ్లు మోకాళ్లు దగ్గరికి లాక్కున్నారు. వెనక నుంచి ముందు దాకా, మనిషి నడిచి వచ్చే వేగంతో, జనం మధ్య సందు ఒకటి తెరుచుకుంటూ పోయి తెర ముందు ఆగింది.

ఇంజను చప్పుడుకు నాకు ఏమీ వినపడలేదు. ఆట వదిలాక అడిగితే ఒక్కొక్కరూ ఒకటే మాట చెప్పారు. వెనక నుంచి ఎవరో "జర జరుగుండ్రి" అన్నారట. ఎవరని తిరిగి చూడలేదా అంటే, చూడబుద్ధి కాలేదన్నారు. ఆడవాళ్ల వైపు భాగమ్మ లేచి నిలబడి తల మీదికి కొంగు కప్పుకోవడం మాత్రం నేనే చూశాను. శంకరప్ప గేటు వదిలి లోపలికి అడుగు పెట్టలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారగానే, చేతులకు ఏదో పని ఉండాలని పెట్టె సర్దుతుంటే, నిజాం కాలంలో తీసుకున్న నా ఆపరేటర్ లైసెన్సు చేతికి వచ్చింది. దాని మీద తారీకు 3-1-55. నాకు నవ్వు వచ్చింది. 1955లో నేను ఈ డేరాలోనే ఉన్నాను, అప్పటికే లైసెన్సు వచ్చి పదేళ్లైంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అది ఫసలీ తారీకు. నిజాం రాజ్యంలో మా లెక్కలన్నీ ఫసలీలోనే ఉండేవి. ఏడాది అజుర్ నెలతో మొదలయ్యేది. అజుర్ ఒకటి అంటే ఇంగ్లీషు లెక్కకు అక్టోబరు ఆరో ఏడో. 1948 అక్టోబరులో మొదలైన ఏడు ఫసలీ 1358. ముందున్న పదమూడు వదిలేసి ఉత్త 58 అని రాయడం అందరికీ అలవాటే. జంగప్ప రాసింది 1958 జనవరి తొమ్మిది కాదు. మేళం చెదిరిన ఆ ఏడే, తొమ్మిది అజుర్. వేళ్ల మీద లెక్కపెట్టాను. అక్టోబరు పద్నాలుగు, కాకుంటే పదిహేను.

పదేళ్లలో మేమందరం అజుర్‌ను మరిచిపోయాం. శంకరప్ప మరిచిపోతాడా? ప్రతి తారీకునూ దారానికి గుచ్చి దాచే మనిషి!

వెళ్లేసరికి ఆయన రాయి ముందు నేల మీద కూర్చొని ఉన్నాడు.

"అన్నా, గది ఇంగ్లీషు తారీకు గాదు."

"తెల్సు."

"ఎప్పటి సంది తెల్సు?"

"ఆనాటి సంది" అన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. "జంగప్ప వికారాబాద్‌ల జరంతోని పడి, ఒక బండాయనతోని గా కాయితం పంపిండు. భాగమ్మ వదినెకు సదువు రాదు గద, నా తానికి తెచ్చింది. గిట్ల రాసిండు: ‘తొమ్మిదో తారీకు పొద్దుగూకే బండికి వస్త. బండి ధారూర్ దాకనే నడుస్తున్నదట. జరం మస్తుగున్నది, ఆడికెల్లి ఒక్కణ్ని నడువలేను. శంకరప్పను టేషన్‌కు తోలియ్యి.’ నేను సదివిన. సదివి, మంచిగున్నడట, పండుగకు వస్తడట అని వదినెకు చెప్పిన."

"ఎందుకు?"

"మర్పల్లి ఆటల నేను కొడుకు సచ్చిన రాజును. ఏడుస్తున్న. జనం ఏడుస్తుండ్రు. అప్పుడు ఎనుకకెల్లి వచ్చిండు, జర జరుగుండ్రి అనుకుంట. జనమంత పడి పడి నవ్విండ్రు. నేను ఆడనే పీనుగు ముంగట ఏడ్చుకుంట కూసున్న. గా కోపం. ఒక్క పూట టేషన్ల కూసుంటే వానికి బుద్ధొస్తదనుకున్న. తెల్లారి పోదామనుకున్న. తెల్లారి పోతే లేడు."

నాకు ఒళ్లు మండింది. ఇంత చిన్న కోపానికి ఒక మనిషి! పదేళ్లు ఆ ఇల్లాలి పక్కన నిలబడి తుమ్ములకు పండుగలు చేసిన ఆయన చేతిని చూస్తే అసహ్యం వేసింది. "పోయి వదినెకు చెప్పు. ఇప్పుడే చెప్పు" అని అరిచాను.

"ఆయన చెప్పేదేమున్నది" అని వెనక నుంచి వినిపించింది. భాగమ్మ. చేతిలో తడి గుడ్డ ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"నాకు ఇంగ్లీషు తారీకులు యాడియి శంకరప్పా? అజుర్, దై, బహ్మన్ అనుకుంటనే పెరిగిన. ఆ యేడు చలికాలంలనే ధారూర్‌కు పోయిన. ఆడ జెండా ఊపే పెద్దయ్య ఉండె, ఆయనతోని కాయితం సదివించిన. ఎవడో ఒకడు పెట్టె మీద కూసోని, తాండూరు సంది ఎవలన్న వచ్చిండ్రా అని వచ్చినోన్నల్ల అడిగిండట. సీకటి పడ్డంక సూస్తే పెట్టె ఉన్నదట, మనిషి లేడట."

శంకరప్ప తల ఎత్తలేదు.

"మరి గిన్నేండ్లు ఎందుకు ఊకున్నవక్కా?" అన్నాను నేను.

"ఆయన నోట ఇందామని. దినాం ఒక దినం రాస్తడు గద. ఇయ్యాల రాస్తడేమో, రేపు రాస్తడేమో అని సూసిన. రాయకపాయె. నాకు రాత రాదు. ఒక ఇనుప మొల తీస్కొని, కాయితంల ఉన్న గీతలను సూసుకుంట నేనే గీసిన. అప్పుడన్న చెప్తడనుకున్న. సేటు జనవరి అంటే ఔనని గదే రాసిండు."

శంకరప్ప ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "నాకు మొక్కి ఏం ఫాయిద? తప్పు దినం పిలిచినా ఆయన వచ్చిండు నిన్న. సరైన దినం నువ్వు పోకపోతివి. ఆయన ఇంక ధారూర్‌లనే కూసున్నడు. దినం వచ్చినప్పుడు పోయి తోలుకరా."

ఆ మాట పట్టుకొని శంకరప్ప తొమ్మిది నెలలు గడిపాడు. సేటు ఎంత పోరినా ఒక్క పండుగ రాయలేదు. భాగమ్మ రోజూ రాయి తుడిచింది. అంకెలు రోజూ తేలాయి.

అక్టోబరు పద్నాలుగు పొద్దున రాయి నిండా రాసి ఉంది. ‘ఈ దినం విశేషం: తొమ్మిది అజుర్. జంగప్ప జ్వరంతో ధారూర్ స్టేషన్‌లో దిగిన దినం. తోలుకరమ్మని రాసినా నేను పోలేదు. ఇట్లు, శంకరప్ప.’ వచ్చినవాళ్లు చదివి, ఒకరి ముఖం ఒకరు చూసుకొని పోయారు. ఇంజను చెడిపోయిందని సేటుకు చెప్పి నేను ఆయన వెంట బయలుదేరాను. ఇంజను చెడిపోలేదు. ఆయనను ఒక్కణ్ని పంపడానికి నాకు మనసు ఒప్పలేదు.

పొద్దుగూకే వేళకు ధారూర్‌లో వికారాబాద్ నుంచి వచ్చిన బండి ఆగింది. ఇద్దరు ముగ్గురు దిగి వెళ్లిపోయారు. ప్లాట్‌ఫారం చివర బెంచీ ఒకటి ఉంది, దాని మీద ఎవరూ లేరు. శంకరప్ప దాని ముందు వంగి, చాలా మెల్లగా ఏదో అన్నాడు. తర్వాత చెయ్యి చాచి లేచాడు. ఒక భుజం కుంగిపోయి ఉంది. అడుగులో అడుగు వేస్తూ, మధ్య మధ్య ఆగుతూ, అదే బండి వైపు నడిచి వచ్చాడు. మేళంలో ఆయన మంచి నటుడని విన్నాను. నటన అయితే అంత బరువు ఎట్లా మోస్తాడో నాకు తెలియదు.

ముందే ఎక్కి నేను చోటు పట్టుకున్నాను. రైలు పెట్టె నిండా జనం. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను జరిగాను. నన్ను ఎవరూ జరగమనలేదు. నా పక్కాయన కూడా జరిగాడు. శంకరప్ప కూర్చోలేదు, తాండూరు దాకా ఆ ఖాళీ చోటు పక్కన నిలబడే వచ్చాడు. అంత రద్దీలో అక్కడ ఇంకెవరూ కూర్చోలేదు. నా ఆ వైపు చెయ్యి మోచేతి దాకా వెచ్చగా ఉంది, జ్వరం మనిషిని ఆనుకున్నట్టు.

తాండూరు స్టేషన్‌లో భాగమ్మ నిలబడి ఉంది. ఆమె శంకరప్పను చూడలేదు, నన్నూ చూడలేదు. ఆయన కుంగిన భుజం పక్కకు చూసి, "గింత ఆల్శమా?" అంది. ఆ గొంతులో కోపం ఉంది, ఇంటావిడ కోపం. తర్వాత ముందు నడిచింది. శంకరప్ప ఆమె గుమ్మం దాకా పోయి, వంగి, భుజం దించుకొని వచ్చాడు. రోడ్డు మీద నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమిటి.

మరునాడు పొద్దున భాగమ్మ వచ్చేసరికి ఆమె చేతులకు గాజులు లేవు. ఎప్పటిలాగే తడి గుడ్డతో రాయి తుడిచింది. నల్లబడింది. నేను ఎదురుచూశాను. అంకెలు రాలేదు. దగ్గరికి పోయి వేలితో తడిమాను. మొలతో గీసిన గీత ఎక్కడికి పోతుంది? రాయి నున్నగా ఉంది.

భాగమ్మ పొయ్యి రాజేసి, సుద్దముక్క తీసి శంకరప్ప చేతిలో పెట్టింది.

"ఇగ రాయి" అంది. "ఇయ్యాల ఏం దినం?"